ప్రకృతికి వెల కట్టడం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం

అడవి, నది, చెరువు, నేల మనిషికి చేసే మేలును రూపాయల్లో లెక్కించి, ఆ లెక్కను ప్రభుత్వ నిర్ణయాల్లో వాడటాన్ని ప్రకృతికి వెల కట్టడం అంటారు. రోడ్డుకో కాలువకో అడవి భూమి ఇస్తే ఎంత వసూలు చేయాలి, చెరువులో పూడిక తీయడానికి పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా, అడవిని కాపాడిన రాష్ట్రానికి కేంద్రం పన్నుల వాటా పెంచాలా వంటి ప్రశ్నలన్నీ దీని కిందికే వస్తాయి. తెలంగాణలో ఈ పనికి ఒకే చట్టం గానీ, ఒకే శాఖ గానీ లేదు. అటవీశాఖకు ఒక పద్ధతి ఉంది. నీటిపారుదల, గనులు, రెవెన్యూ శాఖలవి వేరు పద్ధతులు. ఢిల్లీలో కూర్చున్న ఆర్థిక సంఘానిది మరో పద్ధతి. ఈ కొలతలన్నీ ఒకే నేల మీద పడి, ఒకదానితో ఒకటి పొసగకుండా కనిపించే చోటు కామారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడివడిన ఈ జిల్లాలో, ముఖ్యంగా ఎల్లారెడ్డి డివిజన్‌లో, వందేళ్ల నాటి జలాశయాలు, అభయారణ్యం, తునికాకు అడవులు, పోడు భూములు, మంజీర నది ఇసుక ఉన్నాయి. కామారెడ్డి పట్టణాన్ని ఆనుకుని 44వ జాతీయ రహదారి పోతుంది.

అడవి హెక్టారు ధర

దేశంలో అడవికి అధికారికంగా ధర పెట్టింది సుప్రీంకోర్టు. నీలగిరి అడవుల నరికివేత మీద 1995లో దాఖలైన గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసు అందుకు దారి తీసింది. అటవీ భూమిని వేరే పనికి మళ్లించే సంస్థ మొక్కలు నాటే ఖర్చుతో సరిపెట్టుకోకూడదనీ, ఆ అడవి నిలిచి ఉంటే అందే ప్రయోజనాల నికర ప్రస్తుత విలువను కూడా చెల్లించాలనీ 2002 అక్టోబరులో కోర్టు ఆదేశించింది. అప్పట్లో హెక్టారుకు 5.80 లక్షల నుంచి 9.20 లక్షల రూపాయలు. ఆ అంకెలకు శాస్త్రీయ ఆధారం కావాలని 2005లో కోర్టు చెప్పగా, ఆర్థికవేత్త కాంచన్ చోప్రా నాయకత్వంలోని నిపుణుల సంఘం మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. కలప, వంటచెరకు, అటవీ ఫలసాయం, పశుగ్రాసం, కర్బన నిల్వ, నీటిని నేలలోకి ఇంకించడం, జీవవైవిధ్యం వంటివి అందులో లెక్కకు వచ్చాయి.

2008 మార్చి 28 నాటి తీర్పు దేశంలోని అడవులను ఆరు తరగతులుగా, ఒక్కో తరగతిని సాంద్రతను బట్టి మూడుగా విభజించి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల వరకు రేట్లు ఖరారు చేసింది. 2022 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ వాటిని ఒకటిన్నర రెట్లకు పైగా పెంచడంతో ఇప్పుడవి 6.70 లక్షల నుంచి 15.95 లక్షల మధ్య ఉన్నాయి. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ పెరిగే ఎల్లారెడ్డి, గాంధారి, మాచారెడ్డి అడవులు ఎండాకాలంలో ఆకు రాల్చే రకం కాబట్టి మూడో తరగతిలోకి వస్తాయి. చాలా దట్టమైన అడవి అయితే హెక్టారుకు 13.57 లక్షలు, ఓ మోస్తరు దట్టమైనదైతే 12.28 లక్షలు, పలుచనిదైతే 9.57 లక్షలు. పలుచని అడవి ధరను ఎకరాల్లోకి మారిస్తే 3.87 లక్షల రూపాయలు అవుతుంది. కామారెడ్డి దగ్గర హైవే పక్కన ఎకరం కోట్లలో పలుకుతుందని తెలిసినవారికి ఈ అంకె ఎంత చిన్నదో విడమరచి చెప్పనక్కరలేదు.

అభయారణ్యమైతే ఈ ధరకు ఐదింతలు, జాతీయ వనమైతే పదింతలు కట్టాలి. పోచారం అభయారణ్యం మెదక్, కామారెడ్డి జిల్లాల్లో 129.84 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన ఈ అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. మెదక్ నుంచి ఎల్లారెడ్డి వచ్చే దారి దీని పక్క నుంచే పోతుంది. ఆ దారిలో అభయారణ్యానికి చెందిన మోస్తరు దట్టమైన అడవిని ఒక్క హెక్టారు తీసుకోవాలన్నా 61 లక్షలకు పైగా కట్టాలి. అభయారణ్యం హద్దు గీతకు ఇవతల అదే రకం చెట్లకు 12 లక్షలే. జింకకూ చిరుతకూ ఆ గీత కనిపించదు గానీ, రోడ్డు ఇంజనీరు దాన్ని బాగా చూస్తాడు. అలైన్‌మెంటును కొద్దిగా పక్కకు జరిపితే ఎంత మిగులుతుందో అతని కాగితం మీదే తేలిపోతుంది. వెల కట్టడం వల్ల నిజంగా జరిగిన మేలు ఏదైనా ఉంటే ఇదేనని నా అభిప్రాయం. ఈ ధర అడవి విలువను చెప్పలేకపోయినా, అడవిని ఊరికే దొరికే భూమిగా చూసే అలవాటును కొంత మాన్పించింది.

వసూలైన డబ్బు మొదట ఢిల్లీలో పేరుకుపోయింది. 2016లో వచ్చిన ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి చట్టం, దాని 2018 నిబంధనల తర్వాత, 2019 ఆగస్టులో రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా బదిలీ చేశారు. తెలంగాణకు సుమారు 3,110 కోట్లు వచ్చాయి. నిధిలో 90 శాతం రాష్ట్రానిదే. మొక్కలు నాటడం, కందకాలు తవ్వడం, అగ్ని రేఖలు గీయడం ఈ నిధితోనే సాగుతాయి. పోగొట్టుకున్న అడవికి బదులుగా రావలసిన భూమి మాత్రం సరిగా రాలేదు. దేశమంతటా లక్షా మూడు వేల హెక్టార్ల అటవీయేతర భూమి రావలసి ఉండగా అందింది 28 వేల హెక్టార్లేనని 2013లో కాగ్ తేల్చింది.

ఒకే ఎకరానికి నాలుగు లెక్కలు

గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి మండలాల తండాల్లో పోడు పాత తగవు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పట్టా వారసులకు సంక్రమిస్తుంది, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. అంటే మార్కెట్లో దాని ధర సున్నా. అదే ఎకరం అటవీశాఖ పట్టికలో దాదాపు నాలుగు లక్షలు. వ్యవసాయశాఖ లెక్కలో ఏటా వచ్చే పెట్టుబడి సాయం. 2023 జూన్ 30న మొదలైన పంపిణీలో రాష్ట్రమంతటా నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చినప్పుడు వాటికి రైతుబంధు కూడా జతచేశారు. దున్నుకునే కుటుంబానికి ఆ ఎకరం ఏడాది తిండి గింజలు, పశువుల మేత, అప్పు పుట్టే భరోసా. ఈ నాలుగు లెక్కల్లో ఏదీ తప్పని చెప్పలేం. ఒక్కో లెక్క ఒక్కో లావాదేవీ కోసం పుట్టింది. ఇబ్బందల్లా ఒక లావాదేవీకి కట్టిన ధరను ఇంకొకదానికి ప్రమాణంగా చూపినప్పుడు వస్తుంది.

తండాకు బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపు, రోడ్డు వంటి 13 రకాల సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారులోపు అటవీ భూమి ఇవ్వడానికి గ్రామసభ సిఫారసు చాలని హక్కుల చట్టం చెబుతుంది. హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకూడదన్నది షరతు. ఊరి బడి, దవాఖాన, నీటి ట్యాంకు వంటి చిన్న పనులకు కోర్టు కూడా 2008 తీర్పులోనే ధర మినహాయించింది. ధర లేకుండా వదలడం కూడా ఒక విధానమేనని ఈ మినహాయింపులు చూపుతాయి.

అడవిలో నిజంగా అంగడి ధర ఉన్నది తునికాకుకు. ఏప్రిల్, మే ఎండల్లో కోసి, యాభై ఆకులు ఒక కట్టగా కట్టి, వెయ్యి కట్టలను ఒక ప్రామాణిక సంచిగా లెక్కిస్తారు. 1971 నాటి చట్టం దీని వ్యాపారాన్ని ప్రభుత్వ అజమాయిషీలోకి తెచ్చింది. అటవీశాఖ యూనిట్లవారీగా ఆకును వేలం వేస్తోంది. ఆ ఆకు చివరికి చేరేది బీడీలు చుట్టే ఆడవాళ్ల చేటల్లోకి. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో ఎన్నో ఇళ్లు ఆ పని మీదే నడిచాయి. అడవి ఏటా ఇచ్చే ఆదాయాన్ని కంటితో చూడాలంటే ఇంతకంటే సులభమైన లెక్క లేదు. అయినా అడవి ధర మాట వచ్చినప్పుడల్లా దీన్ని ‘చిన్నతరహా ఫలసాయం’ పద్దు కింద తోసేస్తారు.

ఇక పట్టణం పక్క భూమి సంగతి. కామారెడ్డి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలను పారిశ్రామిక జోన్ కింద, పచ్చదనం కోసం కేటాయించిన జోన్ల కింద చూపారని అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, లింగాపూర్ వైపు రైతులు 2023 జనవరిలో పెద్ద ఎత్తున ఉద్యమించారు. అదే నెల 20న పురపాలక మండలి ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. ఈ వివాదాన్ని భూసేకరణ భయంగానే చూశారు. ధరల వైపు నుంచి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. పటం మీద ఆకుపచ్చ రంగు పడిన మరుక్షణం పొలం ధర పడిపోతుంది. గాలి, నీడ, ఇంకే వాన పట్టణమంతటికీ అందుతాయి. నష్టం మాత్రం ఒక్క పట్టాదారుది. ఆ తేడాను పూడ్చే ఏర్పాటేదీ ముసాయిదాలో కనిపించనప్పుడు రైతు పచ్చరంగును చూసి భయపడటంలో ఆశ్చర్యం లేదు.

పూడిక

ఈ ప్రాంతంలో ప్రకృతి చేసే పనికి వెల ఎంతో తెలుసుకోవాలంటే మట్టిని వెంబడించాలి.

నిజాంసాగర్‌ను 1923–31 మధ్య మంజీర మీద కట్టారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. మొదట్లో దాని నిల్వ 29.7 టీఎంసీలు, ఆయకట్టు రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలు. అంచనా వేసినదానికి ఎన్నో రెట్ల వేగంతో పూడిక చేరడంతో 1970ల నాటికి నిల్వ 11.8 టీఎంసీలకు పడిపోయింది. పూర్తి నీటిమట్టం పెంచి దాన్ని 17.8 టీఎంసీలకు తెచ్చారు. అంటే మట్టం పెంచకముందు, నలభై ఏళ్లలో జలాశయంలో అరవై శాతం మట్టితో నిండింది. భారతదేశంలో పూడిక గురించి రాసే సాంకేతిక పుస్తకాల్లో నిజాంసాగర్ పేరు తరచూ రావడానికి కారణం ఇదే. ఎల్లారెడ్డి పక్కన నాగిరెడ్డిపేట మండలంలో, మంజీరలో కలిసే వాగు మీద 1922 నాటికి పూర్తయిన పోచారం ప్రాజెక్టుదీ ఇదే కథ. 2.42 టీఎంసీల నిల్వ 1.82కు తగ్గింది. దాని కింద 10,500 ఎకరాలు సాగవుతాయి.

మట్టిని పైనే పట్టి ఉంచడం అడవి, గడ్డి, గట్టు చేసే పని. ఆ పని విలువ ఎంత? ఆర్థికవేత్తలు వాడే ఒక పద్ధతి భర్తీ ఖర్చు. పోయిన సేవను వేరే మార్గంలో తెచ్చుకోవడానికి ఎంతవుతుందో చూడటం. నిజాంసాగర్ విషయంలో ఈ లెక్కకు నిజమైన సందర్భమే ఉంది. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నుంచి గోదావరి నీటిని హల్దీ వాగులోకి వదిలి, మంజీర మీదుగా నిజాంసాగర్‌కు పంపారు. ఎన్నో మెట్లు పంపులతో ఎక్కించిన నీరది. ఒక్కో టీఎంసీకి కరెంటు బిల్లే కోట్లలో ఉంటుంది. ఒకప్పుడు వాలు వెంట తనంతట తాను వచ్చి నిలిచిన నీటిని ఇలా ఎత్తిపోసి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు, పోయిన నిల్వకు ఒక రకమైన ధర.

పూర్తి ధర కాదు. నిజాంసాగర్ కొరతకు పూడిక ఒక్కటే కారణమూ కాదు. ఎగువన సింగూరు కట్టి, ఆ నీటిని హైదరాబాద్ తాగునీటికి మళ్లించాక కిందికి వచ్చే ప్రవాహమే తగ్గింది. పైగా మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో పుట్టి కర్ణాటక దాటి వస్తుంది. ఆ మట్టిలో ఎక్కువ భాగం బయటి నేలలది. ఎల్లారెడ్డి అడవులను ఎంత కాపాడినా బీదర్ పొలాల మట్టి ఆగదు. రాష్ట్రాల హద్దుల దగ్గర ఆగిపోయే పద్దు పుస్తకాల్లో నదీ పరీవాహకానికి చోటు దొరకడం కష్టం.

అదే మట్టి చెరువులోంచి పొలంలోకి ఎక్కితే ఎరువు. చెరువు మట్టి తోలుకోవడం తెలంగాణ రైతుకు కొత్త కాదు. పాత చెరువుల పునరుద్ధరణ కోసం రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మొదలైంది ఈ ప్రాంతంలోని సదాశివనగర్ పాత చెరువులోనే. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులు దాని లక్ష్యం. పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, తోలుకునే ఖర్చు రైతుది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అంతకు చాలా ముందే పొరుగున ఉన్న మెదక్ జిల్లా చెరువుల పూడికలో ఎంత నత్రజని, ఎంత భాస్వరం ఉన్నాయో కొలిచి, ఆ పోషకాలను ఎరువుల దుకాణం ధరలతో లెక్కగట్టి, తవ్విన ఖర్చుకు అది గిట్టుబాటేనని చూపారు. ప్రకృతి వెల లెక్కల్లో ఇది నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించే రకం. కర్బన టన్నుల మాదిరిగా ఊహలో ఉండదు. ట్రాక్టరు ట్రిప్పుల్లో, యూరియా బస్తాల్లో ఏ రైతైనా సరిచూసుకోవచ్చు. సరిచూసుకునేవాడూ అనుభవించేవాడూ ఒకే ఊరివాడు.

నీరు, ఇసుక

మంజీర ఇసుకకు ధర ఉంది. 2015 ఇసుక తవ్వకాల నిబంధనల కింద రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ దాన్ని అమ్ముతుంది, సీనరేజీ వసూలవుతుంది. బీర్కూర్, బిచ్కుంద వైపు నది ఒడ్డు ఊళ్లలో ఇసుక పొర వాననీటిని పట్టి ఉంచి బోర్లకు అందిస్తుంది. ఆ పనికి ధర లేదు. లారీలోకి ఎక్కిన ఇసుకకే రసీదు. ఇసుక పోయాక అడుగంటిన బోరును ఇంకా లోతుకు దింపే ఖర్చు రైతు సొంత పద్దులో పడుతుంది కాబట్టి గనుల శాఖ లెక్కలో లాభమే కనిపిస్తుంది.

నీటి విషయంలో ఎగువవారికి దిగువవారు చెల్లించే ఏర్పాట్లు బయట ఉన్నాయి. తన నీటి వనరులున్న క్యాట్‌స్కిల్ కొండల కాపుదలకు న్యూయార్క్ నగరం డబ్బు పెట్టడం ప్రపంచమంతా చెప్పే ఉదాహరణ. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్ పట్టణం తన ఊటకు పైనున్న బోహల్ గ్రామ అటవీ సంఘానికి ఏడాదికి పది వేల రూపాయలు ఇచ్చేలా 2010లో ఒప్పందం చేసుకుంది. మొత్తం చిన్నదే. మంజీర నీటిని దశాబ్దాలుగా తాగుతున్న హైదరాబాద్ నుంచి మంజీర పరీవాహకానికి ఆ మాత్రం ఒప్పందం కూడా లేదు.

బయటి లెక్కలు, తెలుగు నేల మీద ప్రయోగాలు

1997లో రాబర్ట్ కోస్టాంజా బృందం భూమ్మీది ప్రకృతి సేవలన్నిటినీ ఏడాదికి 33 లక్షల కోట్ల డాలర్లుగా అంచనా వేయడంతో ఈ చర్చ పత్రికలకెక్కింది. తర్వాత పవన్ సుఖ్‌దేవ్ నడిపిన అంతర్జాతీయ అధ్యయనం, 2021లో పార్థా దాస్‌గుప్తా నివేదిక, అదే ఏడాది ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పర్యావరణ పద్దుల పద్ధతి వచ్చాయి. భారతీయ రాష్ట్రాల అడవుల పద్దులు రాసిన తొలి పరిశోధకుల్లో ఐఐటీ బొంబాయి ఆచార్యురాలు హరిప్రియ గుండిమెడ ఒకరు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం విలువను భోపాల్ అటవీ నిర్వహణ సంస్థ నిపుణులు లెక్కగట్టారు. 2021లో సుప్రీంకోర్టు వేసిన ఒక సంఘం చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయలని, అందులో ఆక్సిజన్‌కే 45 వేలని తేల్చింది. సిలిండరు ధరతో ఆక్సిజన్‌ను లెక్కించడం నాకు సరైన పద్ధతిగా తోచదు. చెట్టు లేకపోతే ఎవరూ సిలిండరు కొనుక్కుని బతకరు.

చిన్న ప్రయోగాలు ఎక్కువ నేర్పాయి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలం పవర్‌గూడ గిరిజన మహిళలు కానుగ చెట్లతో తగ్గించే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి రెండు టన్నుల వేపాకు జపాన్‌కు ఎగుమతి అయినప్పుడు, జీవవైవిధ్య చట్టం ప్రకారం వసూలైన 55 వేల రూపాయల్లోంచి ఊరి కమిటీకి 20 వేలు వచ్చాయి. రెండూ గొప్ప మొత్తాలు కావు. అయితే రెండింట్లోనూ డబ్బు ఊరి పేరున చేరింది. నికర ప్రస్తుత విలువ వేల కోట్లలో వసూలైనా అలా చేరలేదు. స్థానికుల వాటా వేరుగా లెక్కించాలన్న చోప్రా సంఘం మాట అమలు దాకా రాలేదు.

ఢిల్లీ లెక్క

పద్నాలుగో ఆర్థిక సంఘం పన్నుల పంపకంలో అటవీ విస్తీర్ణానికి 7.5 శాతం, పదిహేనోది 10 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. దేశంలో అడవికి అందుతున్న పెద్ద చెల్లింపు బహుశా ఇదే. ఆ రెండు సంఘాలూ లెక్కించింది మాత్రం దట్టమైన, మోస్తరు దట్టమైన అడవినే. 2021 అటవీ నివేదిక ప్రకారం తెలంగాణ అడవి 21,214 చదరపు కిలోమీటర్లు, అందులో 10,471 పలుచనిది. దాదాపు సగానికి ఆ పద్ధతిలో విలువ సున్నా. అదే పలుచని అడవిని రోడ్డు కోసం తీసుకుంటే హెక్టారుకు 9.57 లక్షలు. ఆ లెక్క ప్రకారం ఉంచితే ఏమీ రాదు, ఇచ్చేస్తే డబ్బు వస్తుంది. ఈ వైరుధ్యాన్ని ఏ శాఖా కావాలని పెట్టలేదు. ఈ రెండు పట్టికలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూడనందువల్ల వచ్చింది.

2025 వరద

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాను అతిభారీ వర్షం ముంచెత్తింది. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రోడ్లు, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, చెరువులు తెగాయి, మంజీర వెంట పొలాల్లో ఇసుక మేటలు వేసింది. వందేళ్ల పోచారం కట్ట అంత వరదలోనూ నిలబడింది. ఇలాంటి నష్టానికీ ఒక రేటు పట్టిక ఉంది. పొలంలో మూడంగుళాలకు మించి ఇసుక, ఒండ్రు చేరితే తొలగించుకోవడానికి 2022–26 విపత్తు సాయం నిబంధనల్లో హెక్టారుకు 18,000 రూపాయలు ఉంది. నది దారి మళ్లి భూమే కోసుకుపోతే 47,000. రెండోది అందాలంటే రైతు చిన్న, సన్నకారు వర్గంలో ఉండాలి, ఆ భూమి రెవెన్యూ రికార్డుల్లో అతని పేరు మీద ఉండాలి. కౌలుదారుకు ఇది వర్తించదు, వాలు మీద మట్టి పోగొట్టుకున్న అడవికీ వర్తించదు.